శ్రుతికి రాని వాసన

షాహెదా మేడం మట్టిని వాసన చూసే తీరు కాలేజీలో అందరికీ తెలుసు. గాజు ప్లేటు మూతను ఓ పక్కకు కొంచెం ఎత్తి, ముక్కును జానెడు దూరంలోనే ఉంచి, కళ్ళు మూసుకుని, చేత్తో గాలిని మెల్లగా తనవైపు తోసుకునేది. తరవాత కాసేపు ఏమీ మాట్లాడేది కాదు. ఆ కాసేపట్లో ఆమె ఎక్కడికి వెళ్ళి వస్తుందో విద్యార్థులకు అంతుపట్టేది కాదు. కళ్ళు తెరిచి, "గట్టు ఊరి చెల్క, ఎర్రనేల," అనేది. లేదా, "ఇది కృష్ణ ఒడ్డుది, నల్లరేగడి," అనేది. చాలామటుకు ఆమె చెప్పిందే నిజమయ్యేది. రోగాలు తెచ్చే క్రిములున్న ప్లేట్లను మాత్రం ఎవరూ ముక్కు దగ్గరికి తేవద్దని మొదటి రోజే గట్టిగా చెప్పేది. ఆ వెసులుబాటు మట్టి క్రిములకే.

ఆమె పుట్టి పెరిగింది గద్వాలలో. నాయన సుభాన్‌కు అక్కడ చిన్న అత్తరు దుకాణం ఉండేది. ఎండాకాలం సెలవుల్లో షాహెదా ఆ సీసాల వరసల మధ్యే కూర్చునేది. సుభాన్ పుల్లకు చుట్టిన దూదిని సీసాలో ముంచి ఆమె ముంజేతి మీద రాసేవాడు. "వెంటనే చెప్పకు బేటీ. ముందు వచ్చేది ఒకటుంటది, నిలిచేది ఒకటుంటది. జర ఆగు," అనేవాడు. గులాబీ, మొగలి, వట్టివేళ్ళు ఆమెకు తొందరగానే పట్టుబడ్డాయి. ఒక్క సీసా మాత్రం ఆమెను వదల్లేదు. అది మట్టి అత్తరు. ఎక్కడో ఉత్తరాన, ఎండిన మట్టిని కాల్చి, నీళ్ళలో మరిగించి, ఆ ఆవిరిని పట్టి తీస్తారట.

"పువ్వుకైతే వాసన ఉంటది. మన్నుకు ఎక్కడిది అబ్బా?" అని ఒకనాడు నాయనను అడిగింది.

సుభాన్ చేతిలో ఉన్న సీసాకు బిరడా పెట్టి, దాన్ని దాని చోట ఉంచి, అప్పుడు చెప్పాడు. "నాకు తెల్వదు. నువ్వు చదువుకొని నాకు చెప్పు."

ఆ చదువు ఆమెను చాలా దూరం తీసుకెళ్ళింది. వనపర్తిలో డిగ్రీ, హైదరాబాదులో పీజీ, అక్కడే పరిశోధన, ఆ పైన పుణేలో ఒక పెద్ద ల్యాబులో ఉద్యోగం. మట్టి వాసన మట్టిది కాదనీ, దానిలో బతికే ఒక జాతి బ్యాక్టీరియాదనీ మొదటిసారి పాఠంలో విన్నప్పుడు ఆమె మరుసటి సెలవుకే గద్వాల వచ్చి నాయనకు చెప్పింది. నేల ఎండిపోయినప్పుడు అవి తమ విత్తనాలను తెల్లని పొడిలా విడిచి నిద్రపోతాయి. చినుకు తగలగానే వాటి వాసన గాలిలోకి లేస్తుంది. సుభాన్ అంతా శ్రద్ధగా విన్నాడు. "అంటే నేను ఇన్నేండ్లు అమ్మింది వాటి నిద్రనా," అని నవ్వాడు.

పుణేలో మట్టి నంబర్లు వేసిన సంచుల్లో వచ్చేది. ఒక మధ్యాహ్నం అలాంటి సంచి ఒకటి విప్పుతుండగా, ఇది ఏ ఊరిదో, దీని మీద ఏం పండిందో, ఎవరు నడిచారో తనకేమీ తెలియదని ఆమెకు తోచింది. ఆ తలపు చాలా కాలం ఆమెలో నిలిచిపోయింది. వనపర్తి కాలేజీలో ఖాళీ ఉందని తెలియగానే దరఖాస్తు పెట్టుకుంది. అక్కడ ల్యాబే సరిగా ఉండదని తోటివాళ్ళు వారించారు. వాళ్ళన్నది అబద్ధం కాదు. ఇక్కడ ల్యాబంటే రెండు మైక్రోస్కోపులు, తలుపు సరిగా పడని ఒక ఇంక్యుబేటరు. వచ్చిన కొత్తల్లో, కాలేజీలో ఫ్రిజ్ లేక, ఆమె మట్టిని ఇంట్లో దాచేది. భర్త అబ్రార్ ఫ్రిజ్ తెరిచి, "పాలకంటె మన్నే ఎక్కువున్నది గదా ఇందుల," అనేవాడు, కోపం లేకుండానే. ఏళ్ళు గడిచాయి. ఆమె దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో దవాఖానలో క్షయ పరీక్షలు చేస్తోంది. ఇంకొకరు హైదరాబాదులో టీకాలు తయారుచేసే చోట ఉన్నారు. పండగలకు ఫోన్లు వస్తాయి. ఎక్కువగా మాట్లాడేది పండగ గురించి కాదు, తమ ప్లేట్లలో ఏం మొలిచిందన్న దాని గురించి.

ఒక ఏడాది పీజీ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళలో శ్రుతి ఒకతి. గట్టు దగ్గర వాన మీద ఆధారపడ్డ చెల్కలో పల్లి, కంది వేసుకునే రామచంద్రయ్య కూతురు. సన్నగా, మాట తక్కువగా ఉండేది. పని ఇస్తే మాత్రం కదిలేది కాదు. ఎండిన నేలల్లో మట్టి వాసననిచ్చే బ్యాక్టీరియా ఎన్ని రకాలున్నాయో చూడాలన్నది ప్రాజెక్టు. ఫాల్గుణంలో ఇద్దరూ గట్టుకు పోయి రామచంద్రయ్య చెల్కలోనే మట్టి తీశారు. అక్కడ నేల ఇటుకపొడిలా ఉంది. గాలి వీస్తే ఎర్రటి తెర ఒకటి లేచి, కాసేపు ఆడి, మళ్ళీ కూర్చునేది. షాహెదా ఆ నేల మీద కూర్చుని, కింద కోట్లాది ప్రాణాలు నిద్రపోతున్నాయనీ, తాము వాటి ఇంటి పైకప్పు మీద ఉన్నామనీ అనుకుంది. ఆ ఆలోచన ఆమెకు ఎప్పుడు వచ్చినా కాళ్ళు కొంచెం తేలికవుతాయి.

ప్లేట్లలో బ్యాక్టీరియా కాలనీలు మొలిచాయి. బూడిదవి, పాలరంగువి, లేత గులాబీవి. రోజూ ఒక్కొక్కటీ ఎత్తి చూసి, వాసన వస్తుందో లేదో శ్రుతి చెప్పాలి.

"ఇది?"

"మట్టి వాసన వస్తుంది మేడం."

"ఇది?"

"వస్తలేదు."

చాలావరకు సరిపోయేది. కానీ అప్పుడప్పుడూ తప్పేది. తెల్లగా సున్నం చల్లినట్టున్న ఒక కాలనీని శ్రుతి మట్టి వాసన అంది. షాహెదా చూస్తే అది కర్పూరం వాసన వేస్తోంది. కొత్త కదా, ముక్కు కుదురుకోవడానికి టైము పడుతుంది అనుకుంది.

ఒకరోజు పొద్దున ల్యాబులో పారబోయడానికి పక్కన పెట్టిన పాత ఫ్లాస్కు ఒకటి, క్రిములను పెంచే మాంసం ద్రావణంది, ఎవరి చేతిలోంచో జారి పగిలింది. ఎండాకాలం, మూసిన గది. ఆ కంపుకు పిల్లలందరూ చున్నీలు, కర్చీఫులు ముక్కుకు అడ్డం పెట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. అచ్చంపేట నుంచి వచ్చిన మహీన్ అయితే గోడ పట్టుకుని కూలబడింది. షాహెదా కిటికీలు తెరిచి వెనక్కి తిరిగేసరికి, శ్రుతి ఒక్కతే చేతులకు గ్లవ్స్ వేసుకుని, నేల మీద ఫినాయిలు పోసి, గాజు ముక్కలను నిదానంగా ఏరుతోంది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఎప్పుడూ చేసే పని చేస్తున్నట్టే ఉంది.

షాహెదాకు అర్థమైంది. తుడవడం అయిపోయాక, "బయటికి రా బిడ్డా," అని పిలిచింది. ఇద్దరూ ల్యాబు వెనక మెట్ల మీద, వేపచెట్టు నీడ పడే చోట కూర్చున్నారు.

"నీకు వాసన తెల్వదు కదా."

శ్రుతి తల వంచుకుంది. "తెల్వదు మేడం," అంది.

"ఎప్పటి సంది?"

"కరోనా వచ్చినప్పటి సంది. ఇంటర్‌ల ఉన్న. జరమొచ్చి పోయింది, అందరికి వాసన మళ్ల వచ్చింది, నాకు రాలే. వస్తది వస్తది అన్నరు. ఇంట్ల చెప్పుడు గూడ బందు చేసిన. అమ్మ కూర మాడ్తున్నది చూడు అంటది, నేను పొగ చూసి పోయి దించుత."

"మరి ఇన్ని దినాలు నాకెట్ల చెప్పినవ్?"

"పైన పొడి లేస్తె వాసన ఉంటదని మీరే పాఠంల చెప్పిన్రు. పొడి చూసి చెప్పిన."

షాహెదాకు కోపం, ఆశ్చర్యం ఒకేసారి వచ్చాయి. కోపాన్నే ముందు చెప్పింది. "ఊహించింది చూసిన్నని చెప్తె ఎట్ల శ్రుతీ? నీ మాట మీద ఇంకొకరు ఇంకొకటి కడ్తరు. వాళ్ల మీద ఇంకొకరు. అడుగుల ఏం లేదని ఎవరికీ తెల్వదు."

శ్రుతి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "తప్పే మేడం. నన్ను ఈ ప్రాజెక్టుల నుంచి తీసేస్తరని భయపడిన."

"నీళ్ల పరీక్షల ప్రాజెక్టు ఉన్నది. దానికి ముక్కుతోని పని లేదు. అందులకు మారు."

"మారను మేడం." అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడటం అదే మొదలు. "కంటికి కనపడనిది ఒకటి వచ్చి నా దగ్గర నుంచి ఒకటి తీసుకపోయింది. కనపడనిది ఎట్లుంటదో చూద్దామనే ఈ చదువుకొచ్చిన. వాసనలు చేసేటివి గూడ ఉన్నయని మీ క్లాసుల విన్న. అవే చూడాలె నాకు."

షాహెదా లేచి, "ఇప్పటిదాంక చెప్పిన వాసనలన్ని కొట్టెయ్. మొదటి నుంచి చేద్దాం. ఎట్లనో నాకు గూడ తెల్వదు," అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు షాహెదాకు ఒక కల వచ్చింది. గద్వాల దుకాణంలో ఉంది. సీసాలన్నీ నిండుగా, వెలుతురు పడి తేనెరంగులో మెరుస్తున్నాయి. ఒక్కొక్క బిరడా తీస్తోంది. దేనిలోంచీ ఏమీ రావడం లేదు. అయినా భయం వెయ్యలేదు. రంగులు చూస్తూ, సీసాలను తట్టితే వచ్చే చప్పుడు వింటూ, ఆ దుకాణంలో అటూ ఇటూ తిరుగుతోంది. మెలకువ వచ్చాక కూడా ఆ వెలుతురు చాలాసేపు కళ్ళలో నిలిచింది. శ్రుతి ఉంటున్నది అలాంటి చోటే కాబోలు అనుకుంది.

మృగశిర కార్తె ముందు, మొదటి జల్లు పడ్డ మరునాడు, ఇద్దరూ మన్ననూర్ బయలుదేరారు. పొలాల మట్టితో పోల్చడానికి అడవి మట్టి కావాలి. అనుమతి కోసం షాహెదా చలికాలంలోనే పెట్టుకున్న అర్జీకి అప్పుడే జవాబు వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో ఒక బస్సు, అచ్చంపేటలో ఇంకొక బస్సు మారారు. అచ్చంపేట దాటాక కిటికీలోంచి వచ్చే గాలి మారింది. షాహెదా కళ్ళు మూసుకుంది. పక్కన శ్రుతి కళ్ళు పూర్తిగా తెరుచుకుని కూర్చుంది.

మన్ననూర్‌లో అడవి శాఖ వాచర్ శాంతయ్య వాళ్ళ కోసం నిలబడి ఉన్నాడు. "నా వెనకనే రావాలె. నేను ఆగుమన్న కాడ ఆగాలె. పులి ఉన్న అడవి ఇది," అని ముందు నడిచాడు. బాట పక్కన కొంత దూరం తీసుకెళ్ళి, "గీడ తీసుకోన్రి. ఆ బండ దాటి పోవద్దు," అన్నాడు.

తడిసిన ఆకుల కింద నుంచి వాసన పొగలా లేస్తోంది. షాహెదా ఎన్నో ప్లేట్లలో కొంచెం కొంచెంగా పోగు చేసుకున్నదంతా అక్కడ ఎవరూ అడగకుండానే పరుచుకుని ఉంది.

"ఎట్లున్నది మేడం?" శ్రుతి మెల్లగా అడిగింది.

షాహెదా చెప్పబోయి ఆగింది. ఇన్నేళ్ళ పనిలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసినదే కదా. "చల్లగ ఉంటది," అని మొదలుపెట్టింది. "చలువ అంటె చెయ్యికి తగిలేది కాదు. పాత ఇల్లు చాన దినాలకు తెరిస్తె లోపల ఉంటది చూడు, గట్ల. కొంచెం బీట్‌రూట్ కోసినట్టు గూడ ఉంటది." తన మాటలు తనకే చాలలేదు. "చెప్పరాదు బిడ్డా. లోపలికి పోతుంటె మనమే కొంచెం వెనకకు పోతున్నట్టు ఉంటది."

శ్రుతి ఆ మాటలను ఒక్కొక్కటిగా లోపల పెట్టుకుంటున్నట్టు తల ఊపి, కింద కూర్చుంది. ఆకులు తొలగించి ఒక పుచ్చిన పుల్ల వైపు చూడసాగింది. పుల్ల మీద అక్కడక్కడా సున్నం లాంటి మచ్చలు. వాటి చుట్టూ ఏవో తెల్లని చుక్కలు. ఆవగింజ కన్నా చిన్నవి. పుల్లను తాకగానే అవి గాలిలోకి ఎగిరి, చెల్లాచెదురై, కాసేపటికి మళ్ళీ ఆ మచ్చల దగ్గరికే చేరాయి.

"ఇవి ఏంది శాంతయ్య బాబాయ్?"

శాంతయ్య వంగి చూశాడు. "ఏదో సన్న పురుగు, పేరు తెల్వదు బిడ్డా. వాన పడంగనే కనిపిస్తయ్. చిటుక్కున ఎగురుతయ్."

శ్రుతి కదల్లేదు. పొద్దు వాలుతోందని శాంతయ్య రెండుసార్లు పిలిచాడు. ఆ మచ్చలున్న పుల్లల దగ్గరే అవి ఎందుకున్నాయి, పక్కనే ఉన్న శుభ్రమైన పుల్లల దగ్గర ఎందుకు లేవు అన్న ఆలోచన ఆమెను పట్టుకుంది. చివరికి అనుమతిలో ఉన్న మట్టి డబ్బాలోనే కాసిని ఆకులతోపాటు అవి కూడా వచ్చాయి.

వనపర్తిలో శ్రుతి ఒక వెడల్పాటి గాజు పాత్రలో తడి కాగితం పరిచింది. ఒక అంచున వాసన వచ్చే కాలనీ ముక్క, ఎదురు అంచున ప్లేటులో ఏమీ మొలవని చోటి ముక్క పెట్టి, మధ్యలో ఆ చుక్కలను వదిలి, పైన నల్లగుడ్డ కప్పింది. గుడ్డ తీసేసరికి అవి ఒకవైపే గుమిగూడి ఉన్నాయి. అంచులు మార్చి పెట్టింది. అవీ మారాయి. వారం తిరిగేలోపు దాన్ని ఎన్నిసార్లు చేసిందో ఆమెకే లెక్క లేదు. అప్పుడు షాహెదాను పిలిచింది.

షాహెదా చాలాసేపు పాత్ర మీద వంగి చూసింది. "వీటికి వాసన తెలుస్తున్నది," అంది. "తిండి దొరుకుతదని వస్తయ్. తిన్నంక ఆ విత్తనాలను ఒళ్లుకు అంటించుకొని పోయి ఇంకో కాడ రాలుస్తయ్. పూల కాడికి తేనెటీగలు పోయినట్టే. బయటి దేశాలోళ్లు కొన్నేండ్ల కిందనే రాసిన్రు దీని గురించి. మనం మొదటోళ్లం కాదు."

శ్రుతి ముఖం కొంచెం వాడింది. కానీ వెంటనే తేరుకుంది. "అయితే నేను చూసింది నిజమే కదా మేడం," అంది.

"నిజమే."

"ఈసారి ఊహించలే."

"లేదు," అంది షాహెదా.

ఆ తరవాత ప్రాజెక్టు ఆ చుక్కలతోనే నడిచింది. ప్రతి కాలనీనీ పాత్రలో పెట్టి శ్రుతి వాటినే అడిగేది. షాహెదా విడిగా వాసన చూసేది. ఇద్దరూ ఎవరిది వారు చెప్పాక పోల్చి చూసుకునేవారు. దాదాపు అన్నీ కలిసేవి. ఒక సాయంత్రం గట్టు చెల్కలోని పాలరంగు కాలనీ దగ్గర పేచీ వచ్చింది. షాహెదా అందులో ఏమీ లేదంది. చుక్కలు మాత్రం అన్నీ దానివైపే నడిచాయి. షాహెదా మళ్ళీ మూత ఎత్తింది. కళ్ళు మూసుకుని ఆగింది. ఇంకొంచెం ఆగింది. ఏమీ రాలేదు.

"మహీన్, జర ఇటు రా. చూసి చెప్పు."

మహీన్ వచ్చి చూసి, "మట్టి వాసన మేడం. సన్నగ వస్తుంది," అని వెళ్ళిపోయింది.

షాహెదా స్టూలు మీద కూర్చుంది. ఈమధ్య ఇంట్లో చాయ్ పొంగినా, అబ్రార్ ఇల్లంతా అగరొత్తులు వెలిగించినా తనకు ఆలస్యంగా తెలియడం గుర్తొచ్చింది. వయసు అనుకుని వదిలేసింది. చాలా మెల్లగా, ఎవరూ దొంగిలించకుండానే, తన వాసనల సీసా అడుగుకు వస్తోంది. దాచుకోవాలన్న కోరిక ఒక్క క్షణం ఆమెలో మెదిలింది. శ్రుతి అప్పుడెందుకు దాచుకుందో ఆమెకు ఇప్పుడు పూర్తిగా తెలిసింది.

"నాకు వస్తలేదు శ్రుతీ. సన్నటివి నాకు తెలుస్తలేవు ఇప్పుడు. నా దాంట్ల తప్పు అని పెట్టు," అంది.

శ్రుతి తన స్టూలును దగ్గరికి జరుపుకుని, గాజు పాత్రను ఇద్దరికీ మధ్యగా లాగింది. కిటికీలోంచి వచ్చే చివరి ఎండలో ఆ తెల్లని చుక్కలు తడి కాగితం మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోతున్నాయి. ఇద్దరూ వాటిని చూస్తూ కూర్చున్నారు. వాచ్‌మన్ వచ్చి తలుపు వేస్తానన్నదాకా లేవలేదు.

నాగర్‌కర్నూల్‌లో జరిగిన సదస్సులో శ్రుతి తన పని గురించి మాట్లాడింది. పురుగులను ఎందుకు నమ్ముకున్నావని వెనక నుంచి ఎవరో అడిగితే, తనకు వాసన తెలియదని మామూలుగా చెప్పింది. ఆ తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి, అన్నీ పని గురించే. వచ్చినవాళ్ళలో బెంగళూరు నుంచి ఒకామె ఉంది. పురుగులకూ బ్యాక్టీరియాకూ మధ్య నడిచే వ్యవహారాల మీద పనిచేసే ల్యాబు ఆమెది. కొన్నాళ్ళకు అక్కడి నుంచి శ్రుతికి పరిశోధనకు రమ్మని పిలుపు వచ్చింది.

వెళ్ళే రోజు సాయంత్రం షాహెదా గద్వాల స్టేషనుకు వచ్చింది. రామచంద్రయ్య పల్లికాయల సంచి, దుప్పటి కట్ట పట్టుకుని నిలబడ్డాడు. "బెంగళూరంటె ఏం దూరం మేడం. మా గట్టు కాడ సగం కన్నడమే మాట్లాడ్తం. పిల్లకు కష్టం కాదు," అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. బండి వచ్చింది. శ్రుతి ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, "మేడం, ఆ పురుగుల డబ్బా తడి ఆరనియ్యకున్రి. మహీన్‌కు చెప్పిన," అంది. బండి కదిలి, మెల్లగా మలుపు తిరిగి, చెట్ల వెనక కనపడకుండా పోయింది.

రామచంద్రయ్య పట్టాల వైపే చూస్తూ అడిగాడు. "మేడం, నా చెల్కల కంటికి కనపడని ప్రాణాలు ఉంటయని శ్రుతి చెప్తది. నిజంగ అన్ని ఉంటయా?"

"ఒక్క పిడికిట్లనే కోట్లు ఉంటయ్ రామచంద్రయ్యా. దున్నినప్పుడల్ల వాటిని అటిటు తిప్పుతున్నవ్ నువ్వు. అవి నీ పల్లికి కావాల్సింది చేసి పెడ్తుంటయ్."

ఆయన తన చేతులు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "ఇన్నేండ్లు ఒక్కన్నే చేస్తున్న అనుకున్న," అన్నాడు.

ప్లాట్‌ఫారం చివర చాయ్ బండి దగ్గర పొయ్యి అంటిస్తున్నారు. ఇద్దరూ అటు నడిచారు. గట్టుకు పోయే బస్సుకు ఇంకా టైముంది.